చట్రమునకు తగిన చిత్రము
(ఉప్పల్‌లో జరిగిన గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ప్రచారాధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠము)



మీలో చాలమంది ఈ ఉదయము భువనగిరి, బీబీనగర్, బొమ్మలరామారము వైపుల నుండి బస్సెక్కి వచ్చి ఉప్పల్ చౌరస్తాలో దిగినారు. నిన్నటి తరగతిలో జమాఖర్చుల గురించి, తీర్మానముల పుస్తకము గురించి పెద్దలు మీకు వివరించినారు. నేడు నా వంతునకు వచ్చినది పైకి చాల చిన్న విషయము. గ్రామసభలో గాని, అధికారుల సమీక్షలో గాని తెరపై చూపు స్లైడులో ఫొటోను చట్రమునకు తగినట్లు ఎట్లు ఇమడ్చవలెను, ఎక్కడ కత్తిరింపవలెను, ఎక్కడ కత్తిరింపరాదు అనునదే ఆ విషయము. "ఇది కంప్యూటరు కుర్రవాని పని గదా, మాకెందుకు?" అని మీకు తోచవచ్చును. నాకును ఒకప్పుడు అట్లే తోచినది. అట్లు తోచుట వలన ఒక గ్రామము పని నెలల తరబడి వెనుకబడినది. ముందుగా ఆ సంగతి చెప్పుదును.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పంచాయతీవారు తమ ఊరి నీళ్ల ట్యాంకు మరమ్మతునకు నిధులు కోరుచు ఒక సమీక్షకు వచ్చినారు. ట్యాంకు నాలుగు కాళ్లలో ఒకదానికి అడుగు భాగమున పెద్ద పగులు వచ్చినది. సిమెంటు రాలి, లోపలి ఇనుప చువ్వలు బయటపడి త్రుప్పు పట్టినవి. ఆ ట్యాంకు ప్రక్కనే అంగన్‌వాడీ కేంద్రము. పంచాయతీ కార్యదర్శి సెల్‌ఫోనును నిలువుగా పట్టి, ట్యాంకు పైకప్పు మొదలు నేల వరకు అంతయు పడునట్లు చక్కని ఫొటో తీసి పంపినారు. స్లైడులు తయారుచేసినవాడను నేను. ఆ నిలువు ఫొటోను అడ్డముగా నున్న చట్రములో వేసితిని. చట్రము అంచుల వరకు నిండినది. చూడ ముచ్చటగా నున్నదని తలచి తరువాతి స్లైడునకు పోయితిని.

సమావేశమున ఆ స్లైడు తెరపై పడగానే వెనుక వరుసలో కూర్చున్న వార్డు సభ్యురాలు, అరువది దాటిన అమ్మ, లేచి అడిగినది: "సారూ, ఫొటోల మా ట్యాంకి కాళ్లేవి?"

నిజమే. తెరపై ట్యాంకు మెట్ల నడిమి భాగము, వెనుక కొంత ఆకాశము మాత్రమే ఉన్నవి. పైన ట్యాంకు లేదు, క్రింద పగులు లేదు. సమీక్ష చేయుచున్న అధికారి, "మరమ్మతు అవసరమని వ్రాసినారు, చూపినది మాత్రము మెట్లు. పూర్తి వివరములతో మరల రండి" అన్నారు. ఆయన తప్పేమియు లేదు. మరల ఆ విషయము ముందునకు వచ్చుసరికి వానకాలము గడచిపోయినది. అంతవరకు ఆ ఊరివారు ట్యాంకును సగము మాత్రమే నింపుకొనిరి. అంగన్‌వాడీ పిల్లలను బడి వరండాలోనికి మార్చిరి. దైవవశమున ప్రమాదమేదియు జరుగలేదు. ఆ అమ్మ అడిగిన ప్రశ్న మాత్రము నాతోనే ఉండిపోయినది.

ఆ రాత్రి ఇంటికి పోయి ఆ స్లైడును తెరచి, ఆ కాళ్లను కత్తిరించినవారెవరని వెదకితిని. నేను కత్తిరింపలేదు. కార్యదర్శి కత్తిరింపలేదు. ఆ చట్రమే కత్తిరించినది.

ఈ చట్రమును ప్లేస్‌హోల్డరు అందురు. పవర్‌పాయింటు మొదలైన స్లైడు తయారీ సాధనములలో శీర్షికకు ఒకటి, వ్రాతకు ఒకటి, బొమ్మకు ఒకటిగా ఖాళీ చట్రములు ముందే అమర్చి ఉండును. మన వస్తువును అందులో వేసినచో దాని కొలతకు అది సర్దుకొనును. ఇది మంచి వసతి. పదిమంది చేసిన స్లైడులు కూడ ఒకే తీరుగా కనబడును. కాని బొమ్మల చట్రములు రెండు రకములు, రెండింటి స్వభావములు వేరు. కేవలము బొమ్మ కొరకే ఏర్పరచిన పిక్చర్ ప్లేస్‌హోల్డరు ఒకటి. అందులో ఫొటో వేసినచో చట్రమును ఏ మూలయు ఖాళీ లేకుండ నింపుటయే దాని ధ్యేయము. ఫొటో మిగిలినచో మిగిలినంత మేర అంచులను మరుగుపరచి, నడిమి భాగమును మాత్రము చూపును. రెండవది వ్రాత గాని, పట్టిక గాని, బొమ్మ గాని ఏదైనను పట్టు సాధారణ చట్రము. దీనిని కంటెంట్ ప్లేస్‌హోల్డరు అందురు. ఇందులో వేసిన ఫొటో కత్తిరింపునకు లోనుగాక, పూర్తిగా ఇమిడి, ప్రక్కల ఖాళీ మిగులును. నాడు నేను వాడినది మొదటి రకము.

ఎంత కత్తిరింపబడునో లెక్క వేసి చూచినప్పుడు నాకు ఆశ్చర్యము కలిగినది. మీరును వేయుడు. మన సెల్‌ఫోనులు సాధారణముగా తీయు ఫొటో కొలత నాలుగు పాళ్లు, మూడు పాళ్లు. ఫోను అడ్డముగా పట్టినచో వెడల్పు నాలుగు జానలు, ఎత్తు మూడు జానలు అనుకొనుడు. 2013 నుండి పవర్‌పాయింటులో మామూలుగా వచ్చు స్లైడు పదునారు పాళ్ల వెడల్పు, తొమ్మిది పాళ్ల ఎత్తు గలది. ఆ ఆకారపు చట్రమును నాలుగు జానల వెడల్పు ఫొటోతో నింపవలెనన్న ఎత్తు రెండుంబావు జానలకు మించరాదు. కనుక మూడు జానలలో ముప్పావు జాన పోవును. పైన సగము, క్రింద సగము. అనగా ఫొటోలో నాలుగవ వంతు కంటికి కనబడదు. అడ్డపు ఫొటో సంగతియే ఇది!

ఇక ఫోను నిలువుగా పట్టినచో వెడల్పు మూడు జానలు, ఎత్తు నాలుగు జానలు. మూడు జానల వెడల్పునకు ఆ చట్రములో పట్టు ఎత్తు ఒకటి ముప్పావు జానకు కొంచెము తక్కువ. నూటికి 42 పాళ్లు మిగిలి, 58 పాళ్లు పోవును. నీళ్ల ట్యాంకు, కరెంటు స్తంభము, బావి, ధ్వజస్తంభము, వైకుంఠధామము ముఖద్వారము మొదలైన నిలువు వస్తువులన్నియు మనము నిలువుగానే తీయుదుము. వాటి తలలు, పాదములు పోవును. ఊరి పనులలో జబ్బు తరచుగా పాదముననే ఉండును గదా. కల్వర్టునకు కోత అడుగున, గోడకు చెమ్మ అడుగున, బోరునకు పగులు అడుగున.

మరియొక నష్టము కలదు. నేటి ఫోనులలో కొన్ని యాప్‌లు ఫొటో తీసిన తేదీని, అక్షాంశ రేఖాంశములను ఫొటో అడుగుననే అచ్చు వేయును. ఉపాధి హామీ పనులకు పని మొదలుకు ముందు, జరుగుచుండగా, ముగిసిన పిదప అని మూడు దశల ఫొటోలు స్థలము గుర్తుతో సహా తీయించు పద్ధతి 2017లో వచ్చిన నాటి నుండి ఈ అచ్చు పల్లెలలో అందరికిని పరిచయమే. పని ఎక్కడ జరిగినది, ఎప్పుడు జరిగినది అనుటకు సాక్ష్యము ఆ రెండు వరుసలే. చట్రము అడుగు భాగమును మరుగుపరచినప్పుడు మొట్టమొదట పోవునవి అవే. ఊరివారు ఎదురు తిరిగి "ఇది మన ఊరి రోడ్డేనా?" అని అడిగినచో సర్పంచిగారు ఏమి చూపగలరు?

నాచారమున పటములు కట్టు దుకాణము ఒకటి నాకు తెలియును. మా నాయనగారి ఫొటో పటము కట్టించుటకు అక్కడికి పోయితిని. పాత ఫొటో, చట్రము కొలతకు సరిపోలేదు. ఆ పనివాడు చట్రమును ఫొటోపై ఆనించి చూచి, చేతిలోని కత్తెర బల్లపై పెట్టి అడిగినాడు: "సార్, పటం పెద్దది కట్టాల్నా, బొమ్మ కోయాల్నా? కోస్తె పెద్దసారు చేతికర్ర పోతది." ఆ చేతికర్ర మా నాయన చివరి పదేండ్లు విడువకుండ పట్టుకొన్నది. నేను చట్రమే మార్పించితిని. ఆ పనివానికి ఉన్న మర్యాద కంప్యూటరునకు లేదు. అది అడుగదు. చేతికర్ర ఏది, ఆకాశము ఏది దానికి తెలియదు. నడుమ నున్నదే ముఖ్యమని దాని నమ్మకము.

అందుచేత అది అడుగని ప్రశ్నను మనమే అడుగవలెను. ఉపాయము సులభము. ఫొటో చట్రములో పడిన వెంటనే దానిపై ఒకసారి నొక్కుడు. పైన పిక్చర్ ఫార్మాట్ అను వరుస తెరచుకొనును. అందులో క్రాప్ అను గుర్తు కలదు. దానిని నొక్కగానే మరుగున నున్న భాగములు మసక రంగులో బయటపడును. చట్రము అంచులకు నల్లని గీతలు వచ్చును. ఇప్పుడు ఆ నల్లని గీతలను ముట్టక, ఫొటోను నడుమ పట్టుకొని పైకి గాని క్రిందికి గాని జరుపుడు. చట్రము కదలదు, వెనుక నున్న బొమ్మ కదలును. కిటికీ వెనుక ఎడ్లబండి పోయినట్లుండును. పగులు కిటికీలోనికి వచ్చువరకు జరిపి, స్లైడుపై మరియొక చోట నొక్కినచో పని పూర్తియగును.

జరిపినను చాలదనుకొనుడు. ట్యాంకు తలయు కావలెను, పాదమును కావలెను. అప్పుడు క్రాప్ గుర్తు క్రింద నున్న చిన్న బాణమును నొక్కుడు. అందులో ఫిల్, ఫిట్ అను రెండు మాటలు కనబడును. ఫిల్ అనగా చట్రము నిండవలెను, బొమ్మ పోయినను సరే. ఫిట్ అనగా బొమ్మ మొత్తము ఉండవలెను, చట్రములో ఖాళీ మిగిలినను సరే. ఫిట్ ఎన్నుకొన్నచో నిలువు ఫొటోకు రెండు ప్రక్కల ఖాళీ పట్టీలు మిగులును. వాటిని చూచి మా కుర్రవారు కొందరు నొచ్చుకొందురు, అందము చెడినదందురు. నా మట్టుకు సాక్ష్యమునకు పెట్టు ఫొటోకు ఫిట్ వాడవలెను. జాతరకు, జెండా పండుగకు, మొక్కలు నాటిన దృశ్యమునకు ఫిల్ వాడినను నష్టము లేదు.

ఆ ఖాళీ పట్టీలను పోగొట్టుటకు కొందరు చేయు పని మాత్రము నాకు బొత్తిగా నచ్చదు. ఫొటో ప్రక్క అంచున నున్న గుండ్రని పిడిని పట్టి అడ్డముగా లాగుదురు. ఫొటో సాగి చట్రము నిండును, కాని మనుషులు పొట్టిగా, లావుగా మారుదురు. ఎదురు ప్రక్కకు నొక్కినచో సన్నగా, పొడుగుగా మారుదురు. దీని సంగతి ఈ ప్రాంతపు పెద్దలకు చెప్పనక్కరలేదు. నాచారమున ఎన్.టి. రామారావుగారి రామకృష్ణ స్టూడియో ఉండినందున షూటింగులు చూచినవారు, సినిమా పనివారితో మాటలాడినవారు ఇక్కడ చాలమంది కలరు. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో మొదటి సినిమాస్కోపు చిత్రము. సినిమాస్కోపులో కెమెరా కటకము వెడల్పైన దృశ్యమును సగమునకు నొక్కి మామూలు ఫిల్ముపై ఇముడ్చును. హాలులో ప్రొజెక్టరునకు పెట్టిన వేరొక కటకము దానిని మరల రెండింతలు సాగదీయును. ఆ రెండవ కటకము పెట్టుట మరచినచో తెరపై అందరును వెదురు బొంగులవలె పొడుగుగా కనబడుదురు, హాలులో ఈలలు మ్రోగును. అక్కడ నొక్కుటకు సరిగా బదులు సాగదీయుట కలదు గనుక బొమ్మ యథాతథముగా వచ్చును. మన స్లైడులో ఆ బదులు లేదు.

పింఛను పంపిణీ ఫొటోలో ఒక ముసలమ్మను సాగదీసి చూపినప్పుడు గ్రామసభలో పిల్లలు నవ్వుట నేను చూచితిని. ఆమె తల దించుకొని ఇంటికి పోయినది. ఫొటోను పెంచవలెనన్న మూలన నున్న పిడినే పట్టవలెను. మూల పిడితో లాగినప్పుడు ఎత్తు వెడల్పులు ఒకే పాళ్లలో పెరుగును. ఎవరైనను ముందే సాగదీసి ఉన్నచో పిక్చర్ ఫార్మాట్ వరుసలోని రీసెట్ పిక్చర్ అండ్ సైజ్ అను మాటను నొక్కినచో అది సహజ రూపమునకు తిరిగి వచ్చును.

ఉప్పల్‌లో ఉండి నక్షాల ప్రసక్తి తేకపోవుట తగదు. 1767లో నెలకొల్పబడిన సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఈ ఉప్పల్‌లోనే కలదు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన స్వామిత్వ పథకమున డ్రోనులతో గ్రామములలోని నివాస స్థలముల నక్షాలు తయారుచేయు బాధ్యత ఆ శాఖకే అప్పగింపబడినది. నక్షాకు, మామూలు ఫొటోకు గల భేదమేమి? ఫొటోలో చెట్టు కొంచెము లావైనచో ఎవరును తగవునకు రారు. నక్షాలో హద్దు రేఖ కొంచెము జరిగినచో అన్నదమ్ములు తగవునకు వత్తురు.

ఒక చదరపు ఇంటి స్థలము గల నక్షాను ప్రక్క పిడితో లాగితిరనుకొనుడు. తూర్పు పడమరల కొలత పెరిగి, ఉత్తర దక్షిణముల కొలత పెరుగక, చదరము దీర్ఘ చతురస్రమగును. ఆ స్లైడును గ్రామసభలో చూపి "బాట ఇటు పోవును" అన్నచో వెనుక కూర్చున్నవానికి తన స్థలము కుదించుకొని పోయినట్లు తోచును. నక్షాపై "ఒక సెంటీమీటరునకు ఇన్ని మీటర్లు" అని మాటలలో వ్రాసిన స్కేలు తెరపై పెద్దదిగా చూపినంత మాత్రముననే అబద్ధమగును. గీతగా వేసిన స్కేలు మాత్రము మూల పిడితో పెంచినంతవరకు నిజముగానే ఉండును, నక్షాతో పాటు అదియు అదే పాళ్లలో పెరుగును గనుక. ప్రక్కకు సాగదీసినచో అదియు ఒక దిక్కుకే నిజము పలుకును. కావున నక్షాలను ఫిట్ పద్ధతినే చూపవలెను. ఉత్తర దిక్కు గుర్తు, స్కేలు గీత, గుర్తుల పట్టిక సాధారణముగా నక్షా అంచులలోనే ఉండును. చట్రము మరుగుపరచునది అంచులనే అని ఇదివరకే చెప్పితిని. ఒక మూలను మాత్రము పెద్దదిగా చూపవలసి వచ్చినచో, ముందు పూర్తి నక్షాను ఒక స్లైడుపై, తరువాత ఆ మూలను మరియొక స్లైడుపై చూపుడు. కొలతల వివాదము వచ్చినప్పుడు తెరను నమ్మరాదు. టీపన్ తెప్పించి సర్వేయరుచే కొలిపింపవలెను.

ఇప్పుడు అన్నిటికంటె జాగ్రత్తగా వినవలసిన విషయమునకు వచ్చుచున్నాను. స్లైడులో కత్తిరించిన భాగము పోదు. మరుగున మాత్రము ఉండును. ఇందాక క్రాప్ నొక్కగానే మసక రంగులో బయటపడినదని చెప్పితిని గదా. మీకు బయటపడినట్లే ఆ స్లైడు ఫైలు ఎవరి చేతికి పోయినను వారికిని బయటపడును. చీర కొంగున దాచిన వస్తువు వంటిది అది. కొంగు తొలగించినచో కనబడును.

ఇందులో ముప్పేమి అందురా? ఇళ్ల లబ్ధిదారుల గురించి స్లైడు తయారుచేయునప్పుడు మనవారు దరఖాస్తు ఫొటో పెట్టి, దానిపై నున్న ఆధార్ సంఖ్యను, బ్యాంకు ఖాతా సంఖ్యను క్రాప్‌తో కత్తిరింతురు. తెరపై కనబడదు. సభ ముగిసిన పిదప ఎవరో "ఆ స్లైడులు పంపుడు" అని అడుగగా ఊరి వాట్సాప్ గ్రూపులో ఫైలు పెట్టుదురు. నాలుగు వందలమంది చేతికి అది పోవును. వారిలో ఒక్కడు క్రాప్ నొక్కినను చాలును. ఆధార్ సంఖ్యను బహిరంగముగా ప్రకటించుట 2016 నాటి ఆధార్ చట్టము నిషేధించినది. చట్టము మాట అట్లుంచి, ఖాతా సంఖ్యతోను ఆధార్ సంఖ్యతోను ఫోను చేసి, "మీ పింఛను ఆగిపోయినది, ఓటీపీ చెప్పుడు" అని మోసగించువారి గురించి మీకు నాకంటె ఎక్కువ తెలియును. వారి మాట నమ్ముటకు కారణము, తమ సంఖ్య వారి నోటనే వినుట.

దీనికి మందు కలదు. ఫొటోపై నొక్కి, పిక్చర్ ఫార్మాట్ వరుసలోని కంప్రెస్ పిక్చర్స్ తెరచుడు. అందులో "డిలీట్ క్రాప్డ్ ఏరియాస్ ఆఫ్ పిక్చర్స్" అను గడి కలదు. దానికి టిక్కు ఉంచవలెను. "అప్లై ఓన్లీ టు దిస్ పిక్చర్" అను గడికి టిక్కు తీసివేసినచో అన్ని ఫొటోలకును ఒకేసారి వర్తించును. పిమ్మట ఫైలును భద్రపరచుడు. అప్పుడు మరుగున నున్నది నిజముగా పోవును. మరల రాదు గనుక అసలు ఫొటోలను వేరుగా దాచుకొని గాని ఈ పని చేయరాదు. ముందు ట్యాంకు కాళ్లను సరిచేసికొని, తరువాత దీనిని నొక్కవలెను. వరుస తప్పినచో పగులు శాశ్వతముగా పోవును.

ఇంకొక మాట. ఫోనులో కత్తిరించినది మాత్రము పోవును గదా అని మీరనవచ్చును. సాధారణముగా పోవును. కాని 2023లో గూగుల్ పిక్సెల్ ఫోనులలో కత్తిరించిన స్క్రీన్‌షాట్ల మిగులు భాగమును కొంతవరకు తిరిగి రాబట్టవచ్చునని బయటపడి, ఆ లోపమును దిద్దవలసి వచ్చినది. విండోస్‌లోని స్నిప్పింగ్ టూల్‌లో కూడ అటువంటి లోపమే అప్పుడు తేలినది. పెద్ద పెద్ద సంస్థల పనియే అట్లున్నప్పుడు నేను పల్లెలలో చెప్పు ఉపాయము ఒకటే. ఫొటో తీయుటకు ముందే ఆ సంఖ్యపై ఒక కాగితపు ముక్క పెట్టుడు. మొదటి ఎనిమిది అంకెలు కప్పినచో చాలును. కెమెరా చూడని దానిని ఏ యంత్రమును బయటపెట్టలేదు. కాగితపు ముక్కకు ఖర్చును లేదు.

పాత, క్రొత్త ఫొటోలను ప్రక్క ప్రక్కన చూపుట మీ అందరికిని అలవాటే. పని ముందు ఇట్లుండెను, తరువాత ఇట్లయినది అని. ఇందులో కత్తిరింపు వలన తెలియకయే అబద్ధము దొర్లును. ముందటి ఫొటోలో గుంతను దగ్గరగా కత్తిరించి పెద్దదిగా చూపి, తరువాతి ఫొటోలో రోడ్డు పొడవంతయు చూపినచో పని కొండంతగా కనబడును. తెలిసి చేసినచో దానికి వేరే పేరు కలదు. రెండింటిని ఒకే చోటు నుండి, ఫోను ఒకే విధముగా పట్టి తీయుడు. గోడయో, స్తంభమో, చెట్టో కదలని గుర్తు ఒకటి రెండింటిలోను పడవలెను. స్లైడులో రెండింటికిని ఒకే కొలత చట్రము ఇచ్చి, ఆ గుర్తు రెండు చట్రములలోను ఒకే చోట ఉండునట్లు జరుపుడు. మురుగు కాలువ పూర్తి కాని చివరి పది గజములను చట్రము అంచున కత్తిరించి "కాలువ పూర్తి" అని వ్రాసినవారిని నేనెరుగుదును. ఆ పది గజముల వద్ద ఇల్లున్నవాడు ఆ సభలోనే కూర్చుండెను!

ప్రతిసారి ఈ జరుపుడు పని లేకుండ మన పంచాయతీకి తగిన చట్రములను ఒకసారి తయారు చేసికొనవచ్చును. వ్యూ వరుసలో స్లైడ్ మాస్టర్ తెరచి, ఇన్సర్ట్ లేఅవుట్ నొక్కి, ఇన్సర్ట్ ప్లేస్‌హోల్డర్‌లో పిక్చర్ ఎన్నుకొని గీయుడు. స్లైడు వెడల్పు 13.33 అంగుళములు, ఎత్తు 7.5 అంగుళములు. నిలువు ఫొటోకు 4.5 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల ఎత్తు గల చట్రము ఇచ్చినచో ఫోను ఫొటో ఆకారము, చట్రము ఆకారము ఒకటే గనుక వీసమైనను కత్తిరింపు లేదు. అటువంటివి రెండు ప్రక్క ప్రక్కన పెట్టి, మిగిలిన జాగాలో వివరములు వ్రాయవచ్చును. అడ్డపు ఫొటోలకు 6 అంగుళముల వెడల్పు, 4.5 అంగుళముల ఎత్తు గల చట్రములు రెండు ఒకే వరుసలో పట్టును. ఇది ఒక పూట పని. మీ కార్యదర్శిగారిచే గాని, డిగ్రీ చదువుచున్న మీ ఊరి పిల్లచే గాని చేయించి ఉంచుకొన్నచో ఐదేండ్లు పనికి వచ్చును. ఫోనులో ఫొటో కొలతను 4:3 అని ఉంచవలెను. కొందరు ఫోను తెర నిండునని 16:9కి మార్చుకొందురు. అప్పుడు ఈ లెక్క తప్పును.

ఫొటోలను కార్యదర్శికి వాట్సాప్‌లో పంపునప్పుడు మామూలుగా పంపినచో అవి చిన్నవై, పెద్ద తెరపై పలుచబడి కనబడును. డాక్యుమెంటుగా పంపినచో ఉన్నది ఉన్నట్లు పోవును. ఇంతకంటె దీని గురించి చెప్పవలసినది లేదు.

ఇందాక టీ విరామమున ఒక సభ్యులు నన్నడిగినారు: "సారూ, తెర మీద చూసేది ఐదు నిమిషాలు. దాని కోసం ఇంత కష్టమా?" న్యాయమైన ప్రశ్న. స్లైడు ఆరిపోయిన పిదప దానిని ఎవరును తలచరు. కాని అధికారి సంతకము పెట్టునది ఆ ఐదు నిమిషములలోనే. మీ ఊరికి రాని మనిషి మీ ఊరిని చూచునది ఆ చట్రములో నుండియే. అందులో ఏది ఉండవలెనో మీకు తెలిసినట్లు నాకు గాని, కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవానికి గాని తెలియదు. ట్యాంకునకు కాళ్లు లేవని కనిపెట్టినది ఆ హాలులో ఒక్క ఆ అమ్మయే. కావున సభకు ముందు రోజు స్లైడులను మీలో ఒక్కరైనను పక్కన కూర్చుండి చూడుడు. పని జరిగిన వార్డు సభ్యులైనచో మరియు మంచిది. ప్రతి ఫొటో వద్దను కుర్రవానిని క్రాప్ నొక్కుమని చెప్పి, మరుగున ఏమున్నదో చూచి, తరువాత ముందునకు పోవలెను.

ఆ నీళ్ల ట్యాంకు ఫొటోను ఆ పంచాయతీవారి అనుమతితో, ఊరి పేరు తొలగించి, ఈ గదిలోని ప్రతి కంప్యూటరులోను పెట్టించితిని. నాడు నేను వేసినట్లే అడ్డపు చట్రములో వేసి ఉన్నది. ఇద్దరిద్దరు కూర్చుండి దాని కాళ్లు తెరపైకి తెండు. భోజనమునకు ఇంకను అరగంట వ్యవధి కలదు.